తీర్పుతో ముగియని పాఠం



అమెరికా పాఠశాలల్లోని జాతి వివక్షను గురించి పిల్లలకు చెప్పేటప్పుడు మనం సాధారణంగా ఒక్క తేదీ చెప్పి ఊరుకుంటాము. 1954 మే 17న అక్కడి సుప్రీంకోర్టు బ్రౌన్ కేసులో తీర్పు ఇచ్చింది, నల్లజాతి పిల్లలకు బడి తలుపులు తెరుచుకున్నాయి అంటాము. ఇంతే విన్న పిల్లలు, చట్టం తనంతట తానే న్యాయం చేకూరుస్తుందని భ్రమపడతారు. ఆ తీర్పుకు ముందు, తరువాత జరిగినవి కూడా తెలిసినప్పుడే ఈ పాఠం పూర్తవుతుందని మా అభిప్రాయం.

మొదట చెప్పవలసినది, ఆ అన్యాయానికి చట్టమే అండగా నిలిచిందని. 1896లో రైలు పెట్టెల్లో వేరు సీట్లకు సంబంధించిన ప్లెసీ కేసులో, 'వేరుగా ఉంచినా సమానమే' అనే సూత్రాన్ని అదే సుప్రీంకోర్టు ఆమోదించింది. ఆ సూత్రం నీడలోనే దక్షిణాది రాష్ట్రాల బడులు దశాబ్దాలపాటు నడిచాయి. వేరు అనేది అమలైంది. సమానం అనేది కాగితానికే పరిమితమైంది.

వర్జీనియా రాష్ట్రం ఫార్మ్‌విల్ పట్టణంలోని మోటన్ ఉన్నత పాఠశాలను చూడండి. నూట ఎనభై మంది కోసం కట్టిన ఆ నల్లజాతి బడిలో నాలుగు వందల యాభైకి పైగా విద్యార్థులు చదివేవారు. మిగిలినవారి కోసం తారు కాగితం కప్పిన షెడ్లు వేశారు. 1951 ఏప్రిల్ 23న, పదహారేళ్ల బార్బరా జాన్స్ నాయకత్వంలో విద్యార్థులు తరగతులను బహిష్కరించారు. వారు మొదట కోరినది మంచి భవనం మాత్రమే. అయితే, వేర్పాటునే సవాలు చేస్తేనే కేసు చేపడతామని న్యాయవాదులు చెప్పారు. తల్లిదండ్రులు అందుకు అంగీకరించారు. క్రింది కోర్టులో ఓడినా వెనుదిరగలేదు. బ్రౌన్ తీర్పులో కలిసిన ఐదు కేసులలో అది ఒకటి.

అసలు పరీక్ష ఆ తీర్పు తరువాతనే మొదలైంది. 1955లో ఇచ్చిన అమలు ఉత్తర్వులో సుప్రీంకోర్టు గడువేదీ విధించలేదు. ఫార్మ్‌విల్ ఉన్న ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ అధికారులు, పిల్లలను కలిపి చదివించవలసి వస్తుందని 1959లో ప్రభుత్వ బడులనే మూసివేశారు. శ్వేతజాతి పిల్లల కోసం ప్రైవేటు బడి వెలసింది. నల్లజాతి పిల్లలలో కొందరిని బంధువుల ఇళ్లకు పంపారు. చాలామంది చదువుకే దూరమయ్యారు. 1964లో సుప్రీంకోర్టు మళ్లీ కలుగజేసుకొన్న తరువాతనే ఆ బడులు తెరుచుకున్నాయి. పోయిన ఐదేళ్లను మాత్రం ఏ న్యాయస్థానమూ తిరిగి ఇవ్వలేకపోయింది.

కాబట్టి తరగతి గదిలో పిల్లలను తేదీలు అడిగి ఊరుకోవద్దని మా మనవి. మూడు ప్రశ్నలు వేద్దాం. ఆ చట్టం ఎవరి మేలు కోసం ఉండేది? దానిని ప్రశ్నించడానికి ముందుగా నిలబడినది ఎవరు? తీర్పు వచ్చాక దానిని అమలు కానీయనిది ఎవరు? జవాబులు పిల్లలే వెతకాలి.

మన రాజ్యాంగంలోని 29వ అధికరణం రెండవ క్లాజును కూడా వారిచేత చదివిద్దాం. ప్రభుత్వం నిర్వహించే, లేదా ప్రభుత్వ నిధులతో సహాయం పొందే విద్యాసంస్థలో కేవలం మతం, జాతి, కులం, భాష కారణంగా ఏ పౌరునికీ ప్రవేశం నిరాకరించరాదని అది చెబుతున్నది. ఈ వాక్యం తెలిసిన బిడ్డ, తనకు గానీ తన పక్కవాడికి గానీ అన్యాయం జరిగినప్పుడు తలవంచుకొని ఇంటికి రాడు. కారణం అడుగుతాడు, వ్రాతపూర్వకంగా ఇమ్మంటాడు.

అలా అడిగే బిడ్డను 'మనకెందుకీ గొడవ' అని ఆపవద్దు. ఫార్మ్‌విల్ తల్లిదండ్రులు ఆ మాట అని ఉంటే ఆ కేసు కోర్టు మెట్లు ఎక్కేదే కాదు. చట్టం చేతికి వచ్చిన ఆయుధమే. దానిని ఎత్తి పట్టే చేయి మనది కావాలి.