పాలీహౌస్‌ల పటం గ్రామసభ ముందుకు రావాలి

(సంఘం శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



స్పెయిన్ దేశంలోని అల్మెరియా గురించి నాలుగు మాటలు చెప్పదలచుకున్నాం. ఎక్కడి స్పెయిన్, మనకెందుకు అనుకోవద్దు. పాలీహౌస్‌లు, షేడ్‌నెట్‌లు మన ఊళ్లకూ వచ్చాయి. అవి లెక్క లేకుండా పెరిగితే నీటికి ఏమవుతుందో అక్కడి రైతులు మనకంటే ముందే చూశారు.

అల్మెరియాలో ఏడాదికి సుమారు 200 మి.మీ. వానే పడుతుంది. కరువుకు పేరుపడ్డ మన అనంతపురంలో అంతకు రెండు రెట్లకు పైగా కురుస్తుంది. 1974 నాటి ఉపగ్రహ చిత్రంలో అక్కడ కనిపించేవి ఎక్కువగా మామూలు పొలాలు. 30 ఏళ్ల తర్వాతి చిత్రంలో ఆ తీరమంతా తెల్లటి ప్లాస్టిక్. ఇప్పుడు అది 30 వేల హెక్టార్లు, అంటే దాదాపు 75 వేల ఎకరాలు దాటింది. ఎక్కువ భాగం చిన్న కుటుంబాల కమతాలే. టమాట, క్యాప్సికం, కీరదోస అమ్మి ఆ కుటుంబాలు నిలదొక్కుకున్నాయి. కానీ భూగర్భజలం అతిగా తోడటంతో సముద్రపు ఉప్పునీరు లోపలికి చొరబడింది. ఇప్పుడు ఉప్పు తీసిన సముద్రపు నీరు కొనాల్సి వస్తోంది. అది బావి నీటికంటే ఖరీదు.

ఇలాంటి చోట పటం అవసరం. ఐరోపా వారి సెంటినెల్-2 ఉపగ్రహాల చిత్రాలు ఎవరికైనా ఉచితం. వాటిలో ఒక చుక్క 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉన్న నేల. మన లెక్కలో ఒక గుంట. ఎకరా పాలీహౌస్ 40 చుక్కలుగా కనిపిస్తుంది. ప్లాస్టిక్ ఎండను తిప్పికొట్టే తీరు పచ్చని పైరుకంటే వేరు కాబట్టి కంప్యూటర్ దాన్ని గుర్తుపడుతుంది. అక్కడి ప్రాంతీయ ప్రభుత్వం ఇలాగే గ్రీన్‌హౌస్‌ల విస్తీర్ణం పటాలు వేస్తోంది. ఏ దిక్కున నీటి గిరాకీ పెరుగుతోంది, ఎంత పాత ప్లాస్టిక్ బయటికొస్తుంది, ఎక్కడ విస్తరణ ఆపాలి అన్నవి ఆ పటం నుంచి లెక్కగట్టవచ్చు.

అయితే పటం పొరబడుతుంది. మల్చింగ్ షీట్‌నూ రేకుల షెడ్డునూ పాలీహౌస్ అనుకోవచ్చు. వేసవిలో కప్పుకు సున్నం కొడితే రంగు మారుతుంది. మన వానాకాలంలో మబ్బులు అడ్డొస్తాయి. అన్నిటికంటే ముఖ్యం, పైకప్పు కింద పంట వేసింది పట్టాదారా, కౌలు రైతా అన్నది ఉపగ్రహానికి తెలియదు. బోరు ఎన్ని అడుగుల లోతుకు పోయిందో కూడా తెలియదు.

అందుకే మన కోర్కెలు మూడు. పాలీహౌస్‌ల పటం వేస్తే దాన్ని తెలుగులో, సర్వే నంబర్లతో గ్రామసభ ముందు పెట్టాలి. తప్పు చూపడానికి రైతుకు గడువు ఇవ్వాలి, పొలానికి వచ్చి సరిచూడాలి. కొత్త పాలీహౌస్‌కు సబ్సిడీ ఇచ్చే ముందు ఆ ఊరి భూగర్భజల మట్టం చూడాలి, కౌలు రైతు పేరు కూడా నమోదు చేయాలి.

పై నుంచి తీసిన చిత్రాన్ని నేల మీద నిలబడి సరిచూడగలిగింది మనమే. మన ఊళ్లో ఎన్ని పాలీహౌస్‌లు, ఎన్ని బోర్లు, అందులో ఎన్ని ఎండాయో ప్రతి గ్రామ కమిటీ వచ్చే సమావేశానికి రాసి తేవాలని కోరుతూ ముగిస్తున్నాం.