పట్నం చేరిన అడవిబిడ్డల బడి



పిల్లవాడు బడికి పోనని మొండికేస్తే మనం ఏం చేస్తాం? బతిమాలతాం, కోప్పడతాం, వీపున రెండు తగిలించేవాళ్లూ ఉన్నారు. చివరికి చెయ్యి పట్టుకుని బడి గుమ్మందాకా దిగబెట్టి వస్తాం. అంతేగాని, "మీవాడు బడికి రావడం లేదు, వాణ్ణి మీ దగ్గర ఉంచం, ఇంకొకరింట్లో పెరగనిస్తాం" అని సర్కారు మనుషులు మన తలుపు తట్టరు గదా! అమెరికా దేశంలో మినియాపొలిస్ అనే పట్నంలో 1970 ప్రాంతాన ఎంతోమంది తల్లులకు సరిగ్గా ఈ బెదిరింపే ఎదురయింది. ఆ తల్లులు అక్కడి ఆదివాసులు. మన పాఠ్యపుస్తకాల్లో రెడ్ ఇండియన్లు అని చదువుకున్నామే, వాళ్లు. ఆ పేరు వాళ్లకు కిట్టదు సుమండీ. ఒజిబ్వేలు, డకోటాలు అని తెగ పేరుతో పిలిస్తేనే వాళ్లకు సంతోషం.

అడవులూ సరస్సులూ చూసుకుని బతికేవాళ్లు పట్నానికి ఎందుకొచ్చారంటారా? 1952 నుంచీ అమెరికా ప్రభుత్వం ఆదివాసులను వాళ్ల భూములు విడిచి పట్నాలకు పొమ్మని ప్రోత్సహించింది. 1956లో దానికొక చట్టం కూడా చేసింది. షికాగో, డెన్వర్, లాస్ ఏంజెలెస్ వంటి చోట్లకు పంపి, పని చూపిస్తామన్నారు. మినియాపొలిస్‌కు మాత్రం చాలామంది తమంతట తామే వచ్చారు. వైట్ ఎర్త్, లీచ్ లేక్, రెడ్ లేక్ అనే తమ ఊళ్లలో పొట్ట గడవక వచ్చారు. వచ్చి ఫ్రాంక్లిన్ అవెన్యూ అనే వీధి చుట్టుపక్కల పాత ఇళ్లల్లో ఇరుక్కున్నారు. ఊళ్లో ఉంటే మేనత్తో అమ్మమ్మో పిల్లల్ని చూసేది. పట్నంలో ఎవరున్నారు చెప్పండి?

పిల్లలు పట్నం బడుల్లో నిలవలేదు. పాఠంలో వాళ్ల తాతముత్తాతలు క్రూరులు. తోటిపిల్లల నోట వాళ్లు ఎగతాళి. పద్నాలుగు, పదిహేనేళ్లకే మానేసి వీధినపడేవారు. ఇక తల్లిదండ్రులకు బడి అంటేనే గుండెదడ. ఎందుకంటే అంతకు ముందు రెండు మూడు తరాల పిల్లల్ని ప్రభుత్వం హాస్టలు బడుల్లో పెట్టింది. పెన్సిల్వేనియాలో కార్లైల్ అనే చోట 1879లో మొదలైన బడి ఇందుకు నమూనా. జుట్టు కత్తిరించడం, పేరు మార్చడం, ఇంటి భాష మాట్లాడితే శిక్షించడం, ఇదీ అక్కడి పద్ధతి. డెన్నిస్ బ్యాంక్స్ అనే ఒజిబ్వే ఆయన్ని అయిదేళ్ల వయసులో ఇలాంటి బడికే తీసుకుపోయారు. ఏళ్ల తరబడి అక్కడుండి, తన భాష మరిచిపోయాడు. అయిదేళ్లంటే ఇంకా అమ్మ కలిపి ముద్దలు పెట్టే వయసు కాదటండీ!

ఈ బ్యాంక్స్, క్లైడ్ బెల్లెకోర్ట్, ప్యాట్ బెలాంజర్ అనే ఆవిడా, మరికొందరూ కలిసి 1968 జులైలో మినియాపొలిస్‌లో అమెరికన్ ఇండియన్ మూవ్‌మెంట్ అని ఒక సంఘం పెట్టారు. మొదట చేసిన పని, పోలీసులు తమవాళ్లను అకారణంగా పట్టుకుపోకుండా ఫ్రాంక్లిన్ అవెన్యూలో రాత్రిళ్లు కాపలా తిరగడం. పిల్లలు పోతారన్న భయంతో వచ్చిన తల్లుల గోడు విన్నాక, బడి కూడా మనమే పెట్టుకుందాం అనుకున్నారు. 1972 జనవరిలో మొదలైంది ఆ బడి. తర్వాత దానికి 'హార్ట్ ఆఫ్ ది ఎర్త్' అని పేరొచ్చింది. భూమి గుండెకాయ అన్నమాట. ఆ ఏడే పక్కనున్న సెయింట్ పాల్ పట్నంలో 'రెడ్ స్కూల్ హౌస్' వచ్చింది. వీటిని 'సర్వైవల్ స్కూళ్లు' అన్నారు, అంటే బతికి బట్టకట్టే బడులు. ఎంత సూటి పేరో చూడండి.

అక్కడ లెక్కలూ ఇంగ్లీషూ చెప్పేవారు, వాటితోపాటు ఒజిబ్వే, డకోటా భాషలు కూడా. డోలు పాటలు నేర్పేవారు. పెద్దవాళ్లు వచ్చి కథలు చెప్పేవారు. చదువు నాలుగు గోడల మధ్యే ఉండేది కాదు. వేసవి చివర్లో వాళ్ల సరస్సుల్లో మనోమిన్ అనే ధాన్యం పండుతుంది. ఎవరూ నాటకుండా నీళ్లలో తనంత తానే పెరిగే గడ్డిగింజ. ఋషిపంచమికి మనం వెతుక్కునే నివ్వరి బియ్యానికి దూరపు చుట్టం అనుకోండి. ఇద్దరు చిన్న పడవలో వెళతారు. ఒకరు గెడ వేస్తారు, ఇంకొకరు రెండు కర్రలతో కంకులు వంచి సుతారంగా తట్టి గింజలు పడవలో రాలుస్తారు. గట్టిగా కొడితే మొక్క విరిగిపోతుంది, మళ్లీ ఏడాదికి విత్తనం మిగలదు. ఒడ్డుకొచ్చాక ఎండబెట్టి, బాణలిలో వేయించి, పొట్టు పోయేదాకా కాళ్లతో తొక్కి, భూర్జపత్రంతో కుట్టిన చేటల్లో చెరుగుతారు. చెరగడం దగ్గరికొచ్చేసరికి ప్రపంచంలో ఆడవాళ్లందరి చేతులూ ఒకటే! వసంతకాలంలో మేపుల్ చెట్లకు గాటుపెట్టి రసం తీస్తారు. సుమారు 40 బిందెల రసం కాస్తే ఒక బిందె పాకం దిగుతుంది. పిల్లవాడికి ఇందులో లెక్కలు లేవా, వృక్షశాస్త్రం లేదా, ఓర్పు లేదా? నాకైతే అన్నీ కనిపిస్తున్నాయి.

"పిల్లల్ని ఇలా విడిగా కూర్చోబెడితే లోకంలో ఎలా నెగ్గుకొస్తారు?" అని ఆనాడే అడిగినవాళ్లున్నారు. అడగవలసిన ప్రశ్నే. కాని, అందరితో కలిసి కూర్చున్న బడిలోనుంచే ఆ పిల్లలు వీధిలోకి వచ్చేశారు గదా. వీధిలో ఉన్నవాడికి ముందు ఏదో ఒక గుమ్మంలోకి పిలుపు రావాలి.

1972లోనే ఆదివాసుల విద్యకు ప్రత్యేక చట్టం వచ్చింది. ఆ సొమ్ము ఖర్చులో తల్లిదండ్రుల సంఘానికి మాట ఉండాలన్నారు. 1978లో ఇంకొక చట్టం, పిల్లలకు సంబంధించినది. అప్పటిదాకా ఆదివాసీ పిల్లల్లో నూటికి 25 నుంచి 35 మంది ఇళ్లకు దూరమయ్యారని అక్కడి పార్లమెంటు ముందుకు లెక్కలొచ్చాయి. ముగ్గురు నలుగురు పిల్లల్లో ఒకరు! బిడ్డను తీయవలసే వస్తే ముందు చుట్టాలకు, తర్వాత తెగవారికి ఇవ్వాలన్నది ఆ చట్టం. అది చెల్లదని కొందరు దావా వేస్తే, 2023 జూన్‌లో సుప్రీం కోర్టు చెల్లుతుందని తీర్పిచ్చింది. హాస్టలు బడుల సంగతి అంటారా, 2024 అక్టోబరులో అధ్యక్షుడు బైడెన్ క్షమాపణ చెప్పారు. కార్లైల్ బడి పెట్టిన 145 ఏళ్లకు.

ఆ రెండు బడులూ ఇప్పుడు లేవు. రెడ్ స్కూల్ హౌస్ 1990లలో మూతపడింది. హార్ట్ ఆఫ్ ది ఎర్త్ 2008లో డబ్బు లెక్కల్లో అక్రమాలు బయటపడి ఆగిపోయింది. ఇది దాచి చెబితే తప్పవుతుంది. చందాల పుస్తకం సరిగా చూడకపోతే ఎంత మంచి సంస్థకైనా చెద పడుతుంది. మన మహిళా మండలుల్లో మాత్రం ఇలాంటివి చూడలేదా?

కాని 1972లోనే వచ్చిన నవాయీ సెంటర్ స్కూల్ అనే చిన్న బడి ఆ వాడలోనే నిలబడింది. 1973లో కట్టిన లిటిల్ ఎర్త్ అనే 212 ఇళ్ల సముదాయం ఉంది. 1977లో మొదలైన మిగిజీ సంస్థ గురించి చెప్పడం నాకు మరీ ఇష్టం, ఎందుకంటే అది పుట్టింది రేడియోతోనే! మిగిజీ అంటే ఒజిబ్వే భాషలో గద్ద. తమ వార్తలు తామే చెప్పుకోవాలని వారంవారం కార్యక్రమం చేసేవారు. తర్వాత కుర్రకారుకు చదువులో సాయం, పని నేర్పడం చేపట్టారు. 2020 మే నెలలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత చెలరేగిన గొడవల్లో వాళ్ల భవనం తగలబడింది. వాళ్లు పని మానలేదు, మరోచోట కుదురుకున్నారు.

సెయింట్ పాల్‌లో ఐన్ డా యుంగ్ అనే ఆశ్రయం 1983 నుంచి ఉంది. పేరుకు అర్థం 'మన ఇల్లు'. ఇల్లు వదిలి వచ్చిన పిల్లలకు ముందు పడక, ఆపైన మాట. పద్దెనిమిది నిండితే ఎక్కడికి పోతారు? ఆ చిక్కు విప్పడానికి 2019లో 18 నుంచి 24 ఏళ్ల వారి కోసం 42 గదుల ఇల్లు వేరుగా కట్టారు. సహాయం చేసే మనుషులూ ఆ కప్పు కిందే ఉంటారు. గదికి తాళంచెవి మాత్రం ఆ పిల్లల చేతిలోనే ఉంటుంది.