వైద్యవిద్యకు అధికారి యెవరు?



శాస్త్రగ్రంథమును ప్రారంభించునపుడు మన పూర్వులు నాలుగు సంగతులు ముందుగాఁ జెప్పుచుండిరి. గ్రంథమునందలి విషయమేమి, ప్రయోజనమేమి, ఆ రెంటికిఁ గల సంబంధమేమి, దానిని చదువుట కధికారి యెవరు అనునవియే ఆ నాలుగు. ఇచ్చట అధికారి యనఁగా కచేరీలోని యుద్యోగి కాఁడు. ఆ విద్య నందుకొనుటకుఁ దగిన పూర్వాభ్యాసము గలవాఁడని యర్థము. సుశ్రుతసంహితయందు సయితము శిష్యుఁ డెట్టివాఁడై యుండవలయునో చెప్పుటకు సూత్రస్థానమున రెండవ యధ్యాయమే కేటాయింపఁబడినది. నేఁటి వైద్యకళాశాలలును ఈ ప్రశ్ననే యడుగుచున్నవి. అందులకు వలసిన సమాధానము మన పల్లెలలో పదవ తరగతి ముగిసిన వేసవియందే నిర్ణయమగుచున్నది. కావున ఈ సంగతిని పెద్దలకు విన్నవింపఁ దలఁచితిని.

మన నిర్మల్ పట్టణమున 2023వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన ప్రభుత్వ వైద్యకళాశాల ప్రారంభమైనది. ఏఁటేఁట నూఱుగురిని చేర్చుకొను ఏర్పాటుతో అది వెలసినది. అంతకు మున్ను 2008లో ఆదిలాబాదు రిమ్సు మొదలైనది. ఇపుడు కళాశాల మన వాకిటనే యున్నది. అయినను వాకిటనున్నంత మాత్రమున అది మన పిల్లలకు దక్కినట్లు కాదు.

ఎం.బి.బి.యస్. చేరఁగోరు విద్యార్థి ఇంటర్మీడియటునందు భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రము, జీవశాస్త్రము, ఆంగ్లము తప్పక చదివి యుత్తీర్ణుఁడు కావలయును. జీవశాస్త్రమునకు మాఱుగా జీవసాంకేతికశాస్త్రము నంగీకరింతురు. చేరిన సంవత్సరము డిసెంబరు 31 నాఁటికి పదునేడేండ్లు నిండవలయును. పిదప నీట్ పరీక్ష. 2025లో ఆ పరీక్షయందు 180 ప్రశ్నలకుఁగాను 90 జీవశాస్త్రమునుండియే వచ్చినవి. 720 మార్కులలో 360 దానివే. ఈ పరీక్షను తెలుఁగులో వ్రాయుటకును వీలు కలదు. విదేశములలో వైద్యము చదివి వచ్చి ఇచ్చట వైద్యము చేయఁగోరువారికిని 2018 నుండి నీట్ తప్పనిసరి. కావున అక్కఱలేదని చెప్పు మధ్యవర్తుల మాటలు నమ్మి పొలము కుదువఁ బెట్టకుఁడు.

మన రాష్ట్రమున జీవశాస్త్రమును వృక్షశాస్త్రము, జంతుశాస్త్రము అని రెండుగా విభజించి బై.పి.సి. యను గ్రూపున బోధింతురు. గణితము గల ఎం.పి.సి. గ్రూపులో ఈ రెండును లేవు. పదునైదేండ్ల బాలుఁడు దరఖాస్తు కాగితముపై ఏ గ్రూపు పేరు వ్రాయునో దానిని బట్టి యొక మార్గము తెఱచుకొనును, ఒక మార్గము మూసికొనును.

నేను పాఠము చెప్పిన బాలికలలో నొకతెకు చెట్టు చేమలన్నను, పసరమందులన్నను మిక్కిలి మక్కువ. ఇంటిలో అన్నగారి గణితపుస్తకములు మిగిలియున్నవి, క్రొత్తవి కొన నక్కఱలేదు అను కారణముచే పెద్దలామెను ఎం.పి.సి.లో చేర్చిరి. రెండేండ్ల పిదప ఆమె వైద్యవిద్యకై నన్ను సలహా యడిగినది. నాఁటి నిబంధనల ప్రకారము మార్గము లేకపోయెను. ఇపుడామె గణితోపాధ్యాయినిగా చక్కఁగాఁ బని చేయుచున్నది. అది గౌరవమైన వృత్తియే. కాని ఆమె కోరిన దది కాదు. కొన్ని పుస్తకముల వెల మిగిలినది, ఒక వైద్యురాలు మనకు లేకపోయినది.

ఆ కాలమున రెండేండ్లును కళాశాలలో క్రమముగా జీవశాస్త్రము చదివినవారికే యర్హత యుండెను. 2023 నవంబరు 22న జాతీయ వైద్య సంఘము ఈ నియమమును సడలించినది. ఇంటర్మీడియటు ముగిసిన పిదప గుర్తింపు గల బోర్డునుండి జీవశాస్త్రమును అదనపు విషయముగాఁ జదివి తేరినవారును నీట్ వ్రాయవచ్చును. గరిష్ఠ వయఃపరిమితియు 2022లోనే తొలఁగింపఁబడినది. కావున దారి తప్పితిమని నిరాశ వలదు. అయినను దొడ్డిదారి కలదని సింహద్వారమును విడుచుట వివేకము కాదు. ఆలస్యమునకు ఏండ్లును ధనమును వ్యయమగును.

అమెరికాలో స్థిరపడిన మన తెలుఁగు కుటుంబముల పిల్లలు కొందఱు ఆస్టియోపతీ వైద్యకళాశాలలలో చేరుచున్నారు. ఆండ్రూ టేలర్ స్టిల్ అను వైద్యుఁడు 1892లో మిస్సోరీ రాష్ట్రమునందలి కిర్క్స్‌విల్ పట్టణమున ఈ పద్ధతికి మొదటి పాఠశాల స్థాపించెను. ఆ దేశమున ఆ పట్టము గలవారు సంపూర్ణ వైద్యులే. అచ్చట సాధారణముగా నాలుగేండ్ల డిగ్రీ చదివిన పిదపనే వైద్యకళాశాల ప్రవేశము. డిగ్రీలో ముఖ్యవిషయ మేదైనను కావచ్చును. సాహిత్యము చదివినవాఁడును చేరవచ్చును. కాని జీవశాస్త్రము మాత్రము ప్రయోగశాలతోఁ గూడ చదివి తీరవలయును. సాధారణముగా రెండు అర్ధసంవత్సరముల పాఠము, ఎనిమిది క్రెడిట్లు కోరుదురు. కళాశాలను బట్టి భేదముండును. మన దేశమున పదునైదవ యేట నడుగు ప్రశ్నను వారు ఇరువదవ యేట నడుగుదురు. కాలము వేఱైనను ప్రశ్న యొక్కటే.

ప్రయోగశాల యెందులకని కొంద ఱడుగుదురు. సుశ్రుతుఁడు శిష్యులచేత గుమ్మడి, సొర, దోస మున్నగు కాయలపై కోఁత నభ్యసింపఁజేయవలయు నని విధించెను. సిరలను గ్రుచ్చుటకు కలువకాఁడలపై చేయి తిప్పించుమనెను. చేతికి రాని చదువు వైద్యునకు పనికిరాదు. మన నిర్మల్ బొమ్మలు చేయు పనివాఁడును ముందు పొనికి కొయ్య గుణ మెఱిఁగిన పిమ్మటనే యుళి పట్టును గదా! కావున కళాశాల గోడలపై ర్యాంకుల బొమ్మలు చూచుటకు ముందు, లోపల సూక్ష్మదర్శిని యున్నదా, వృక్ష జంతుశాస్త్రములకు అధ్యాపకులున్నారా యని విచారింపుఁడు.

భైంసా, ముధోలు ప్రాంతములవారు పిల్లలను నాందేడునకు పంపుచుందురు. ఒక సంగతి గమనింపుఁడు. ప్రభుత్వ కళాశాలలలో నూటికి 15 స్థానములు అఖిలభారత కోటాకుఁ బోఁగా మిగిలినవి రాష్ట్రమువి. 2024లో సవరించిన నియమము ప్రకారము, సామాన్యముగా, ఇంటర్మీడియటుతో ముగియునట్లు వరుసగా నాలుగేండ్లు తెలంగాణమునఁ జదివినవారే స్థానికులు. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ నియమమును సమర్థించినది. రాష్ట్రపు సరిహద్దు దాఁటి రెండేండ్లు చదివినచో వాకిటి కళాశాలయందే పరాయివారము కావలసి వచ్చును.

పిల్లలందఱును వైద్యులే కావలయునని నా యభిప్రాయము కాదు. గణితమునం దాసక్తి గలవానిని బలవంతముగా కప్పల బొమ్మలు గీయింపవలదు. అట్లే ఆఁడపిల్ల యని, బై.పి.సి. గల కళాశాల రెండామడల దూరమున నున్నదని, అన్నగారి పుస్తకములున్నవని, మక్కువ గల బిడ్డకు దారి మూయవలదు. దరఖాస్తుపై మీరు సంతకము చేయుటకు ముందు ఒక సాయంకాలము ఆ బిడ్డను ప్రక్కన కూర్చుండఁబెట్టుకొని, నీవేమి చదువఁదలఁచితివని యడుగుఁడు. ఆ సమాధానము పూర్తిగా విన్న పిమ్మటనే కలము పట్టుఁడు.