ఏ దళంలో చేరాలి?
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



"మాస్టర్ సాబ్, ఫౌజులో ఆఫీసరు కావాలని ఉంది. మూడు దళాల్లో ఏది మంచిది?" అని పిల్లలు మమ్మల్ని అడుగుతూ ఉంటారు. తల్లిదండ్రులైతే "ఏ దాంట్లో జీతం ఎక్కువ?" అంటారు. ముందు పెద్దల ప్రశ్నకే జవాబు చెబుతాము. సైన్యంలో లెఫ్టినెంటు, నౌకాదళంలో సబ్ లెఫ్టినెంటు, వైమానిక దళంలో ఫ్లయింగ్ ఆఫీసరు - పేర్లు మూడైనా హోదా ఒక్కటే. ఏడవ వేతన సంఘం లెక్క ప్రకారం ముగ్గురికీ మూల వేతనం నెలకు 56,100 రూపాయలతో మొదలవుతుంది. కనుక జీతం చూసి దళాన్ని ఎంచుకోవలసిన పని లేదు. యూనిఫారం చూసి ముచ్చటపడి ఎంచుకోవటం అంతకన్నా తగదు. చూడవలసింది పని స్వభావాన్ని.

సైన్యంలో ఆఫీసరు పని ముఖ్యంగా మనుషులతో. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ కుర్రవాడు పదాతి దళంలో చేరితే, తనకన్నా వయసులో పెద్దవాళ్ళయిన జవాన్లను ముప్పై మందికి పైగా నడిపించాలి. వాళ్ళ భాష నేర్చుకోవాలి, వాళ్ళతో కలిసి తినాలి, ఆపద వస్తే ముందు తాను నడవాలి. వైమానిక దళంలో ఇది తిరగబడుతుంది. విమానాన్ని సిద్ధం చేసేవారు ఎందరో ఉంటారు, యుద్ధానికి ఎగిరిపోయేవాడు మాత్రం ఆఫీసరే. క్షణంలో లెక్క కట్టి నిర్ణయించగల తల కావాలి. ఇక ఓడలో కెప్టెను నుంచి వంటవాడి దాకా అందరూ ఒకే పడవ ప్రయాణికులు. నెలల తరబడి ఇల్లు కనపడదు, ఇరుకు చోటులో ఒకరితో ఒకరు సర్దుకుపోవాలి. యంత్రాల మీద మక్కువ, ఓపిక ఉన్నవాడికి అది సరిపోతుంది. మీ అబ్బాయి ఎలాంటివాడో మీకు తెలుసు. ఆ తెలిసినదాన్నిబట్టి ఆలోచించండి.

అయితే మేము ఇవాళ ఇక్కడ నిలబడింది ఇంతకన్నా ముఖ్యమైన సంగతి చెప్పటానికి. ఏ దళం అన్నది దరఖాస్తు నింపేనాడు తేలే విషయం కాదు. పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలోనే, ఇంటర్మీడియట్‌లో ఏ గ్రూపు అన్నప్పుడే సగం తేలిపోతుంది.

పూనా దగ్గర ఖడక్‌వాస్లాలో నేషనల్ డిఫెన్స్ అకాడమీ ఉన్నది. దాని ప్రవేశ పరీక్షను యూ.పీ.ఎస్.సీ. ఏడాదికి రెండుసార్లు పెడుతుంది. పదహారున్నర, పందొమ్మిదిన్నర ఏళ్ళ మధ్య వయసు, పెళ్ళి కాకపోవటం, ఇంటర్మీడియట్ - ఇవీ అర్హతలు. సైన్యానికి ఏ గ్రూపు చదివినా సరే. నౌకాదళానికి, వైమానిక దళానికి మాత్రం భౌతిక, రసాయన, గణిత శాస్త్రాలు చదివి ఉండాలి. అంటే సి.ఇ.సి., హెచ్.ఇ.సి. తీసుకున్న నాడే మూడు తలుపుల్లో రెండు మూసుకుపోతాయి. తెరిచి ఉన్న మూడో తలుపు దగ్గరా లెక్కలే కాపలా కాస్తున్నాయి. ఎవరైనా సరే ఆ పరీక్షలో గణితం 300 మార్కులకు రాయవలసిందే. మిగిలిన 600 మార్కుల పేపరులో 200 ఇంగ్లీషుకు, 400 సామాన్య జ్ఞానానికి. అందులోనూ సైన్సు ఉంటుంది. ఆ తర్వాత ఐదు రోజుల ఇంటర్వ్యూకు 900 మార్కులు.

మేము ఉర్దూ మాధ్యమంలో పాఠం చెప్పేవాళ్ళం గనుక ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీ భాషల్లోనే వస్తుంది. మన పిల్లలకు హిందీ వింటే అర్థమవుతుంది గాని ఆ లిపిలో గబగబా చదవటం అందరికీ రాదు. లెక్క వచ్చు, ప్రశ్న చదవటం రాదు అన్న పరిస్థితి ఏర్పడుతుంది. పైగా "ఉర్దూ మీడియం పిల్లవాడు, సైన్సు మోయలేడులే" అని ఇంట్లోవాళ్ళే ఆర్ట్స్ గ్రూపులో చేర్పిస్తారు. ప్రేమతోనే చేస్తారు, కాని దారి మూసేది కూడా ఆ ప్రేమే. ఉర్దూ వదలమని మేము అనటం లేదు. ఎనిమిదో తరగతి నుంచే లెక్కల్లో, సైన్సులో ఇంగ్లీషు పదాలు కూడా పక్కనే నేర్పించండి అంటున్నాము.

దరఖాస్తులో దళాలను వరుసక్రమంలో కోరుకోవాలి. అది ఆలోచించి రాయండి. ఇటీవలి ప్రకటనల్లో అకాడమీ సీట్లు సైన్యానికి 208, నౌకాదళానికి 42, వైమానిక దళానికి 120. విమానం నడపాలనుకునేవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. పైలట్ ఎంపికకు పెట్టే ప్రత్యేక పరీక్షలో ఒకసారి తప్పితే ఆ పనికి మళ్ళీ అవకాశం ఉండదు. కంటిచూపు, రంగుల గుర్తింపు ముందే డాక్టరుకు చూపించుకోవటం మంచిది.

ఆర్ట్స్ చదివేసినవారు నిరాశపడకండి. డిగ్రీ అయ్యాక సి.డి.ఎస్. పరీక్ష ఉంది. అందులో చెన్నై ఆఫీసర్స్ ట్రెయినింగ్ అకాడమీ కోసం రాసేవారికి లెక్కల పేపరు లేదు. ఎన్.సి.సి. 'సి' సర్టిఫికెట్ ఉంటే రాతపరీక్ష లేకుండానే ఇంటర్వ్యూకు పిలిచే పద్ధతి కూడా సైన్యంలో ఉన్నది.

ఆడపిల్లల తల్లులకు ఒక మాట. సుప్రీంకోర్టు 2021లో ఇచ్చిన ఉత్తర్వుతో ఖడక్‌వాస్లా తలుపు అమ్మాయిలకూ తెరుచుకుంది. 2022లో చేరిన మొదటి జట్టులోని 17 మంది 2025 మేలో శిక్షణ ముగించుకుని బయటికి వచ్చారు. బేటీకి లెక్కలు బాగా వస్తే ఆమె పేరు కూడా ఆలోచనలో ఉంచండి.

దీన్ సంగతి ఏమిటని పెద్దలు అడుగుతారు. అడగవలసిందే. సైన్యంలో మౌల్వీలను కూడా మతబోధకులుగా నియమిస్తారు. గడ్డం విషయంలో మాత్రం వైమానిక దళం నియమం చెల్లుతుందని 2016లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నౌకాదళంలో అనుమతి తీసుకుని పెంచవచ్చు. ఇవి చేరాక తెలుసుకుని బాధపడేవి కావు, చేరకముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవలసినవి.

మనవాళ్ళు ఈ దారిలో నడవలేదా? మన హైదరాబాదులో 1923లో పుట్టిన ఇద్రీస్ హసన్ లతీఫ్ సాహెబ్ 1942లో వైమానిక దళంలో చేరి, 1978 నుంచి 1981 దాకా ఆ దళానికే అధిపతిగా పనిచేశారు. బ్రిగేడియర్ ముహమ్మద్ ఉస్మాన్ సైన్యాన్ని ఎంచుకున్నారు. 1948 జులై 3న కాశ్మీరులో ఝంగర్ దగ్గర అమరులయ్యారు, మహావీర్ చక్ర పొందారు. దేశవిభజన నాడు ఇటా అటా అన్న ప్రశ్న ఇద్దరికీ ఎదురైంది. ఇద్దరూ ఇక్కడే ఉండిపోయారు. ఒకరు ఆకాశాన్ని, ఒకరు నేలను నమ్ముకున్నారు. ఎవరి స్వభావానికి తగినది వారికి దక్కింది.

సంఘానికి మా విజ్ఞప్తి రెండే. పదో తరగతి ఫలితాలు రాగానే పిల్లలను, తల్లిదండ్రులను ఒకచోట కూర్చోబెట్టి గ్రూపుల సంగతి చెప్పే ఏర్పాటు చేయండి. విహారయాత్ర వేసేటప్పుడు ఒకసారి విశాఖపట్నం తీసుకువెళ్ళండి. అక్కడ సముద్రం ఒడ్డున కురుసుర జలాంతర్గామి మ్యూజియంగా నిలిచి ఉన్నది. లోపలికి వెళ్ళి ఆ ఇరుకు గదులు చూస్తే, నౌకాదళం తనకు పనికొస్తుందో లేదో కుర్రవాడికే తెలుస్తుంది.

ఆఫీసరు కావటం, కాకపోవటం అల్లాహ్ చేతిలో ఉన్నది. తలుపు మూయకుండా ఉంచటం మన చేతిలో ఉన్నది.