పైకి కనపడని కాలేయ తెగులు — హెపటైటిస్ బి
(నెల్లూరు తీర గ్రామముల రైతులకు చేసిన ప్రసంగ పాఠము)



వరిలో కాండము తొలుచు పురుగు సంగతి మీకు చెప్పనక్కరలేదు. చేను పచ్చగానే ఉండును. పురుగు లోపల తొలుచుచుండును. తెల్లకంకులు కనపడిన పిదప మందు చల్లి లాభము లేదు. హెపటైటిస్ బి కూడ ఇట్టిదే. ఈ వైరస్ ఒంటిలో ఉన్నవారిలో చాలమందికి ఏండ్ల తరబడి కామెర్లు గాని, నొప్పి గాని ఉండవు. 6 మాసములు దాటినను పోనిచో అది దీర్ఘవ్యాధిగా నిలుచును. కొందరికి తుదకు కాలేయము గట్టిపడును, లేక క్యాన్సరు వచ్చును.

నీటివలన వచ్చు కామెర్లు వేరు. అవి ఎ, ఇ రకములు. బి రకము రక్తము ద్వారా, ఒకరికి వాడిన సూది వలన, ఒకే క్షౌరపు కత్తి వలన, సంభోగము వలన, కాన్పులో తల్లినుండి బిడ్డకు వచ్చును. ఒకే పంక్తిన భోజనము చేసిన రాదు. కనుక రోగిని దూరముంచకుడు.

పసిబిడ్డకు సోకినచో 100కి సుమారు 90 మందిలో ఇది నిలిచిపోవును. అందుచే పుట్టిన 24 గంటలలో తొలి టీకా, పిదప 6, 10, 14 వారములకు తక్కిన టీకాలు తప్పక వేయింపవలెను. మన జిల్లాలో పుట్టిన కె.ఐ. వరప్రసాదరెడ్డి గారు 1993లో హైదరాబాదున స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్, 1997లో ఈ టీకాను మన దేశముననే తయారుచేసి సామాన్యులకు అందుబాటులోనికి తెచ్చినది.

గట్లపై మొలచు నేల ఉసిరి ఈ వ్యాధికి పనిచేయునని 1988లో మద్రాసు పరిశోధకులు ప్రకటించిరి. తరువాతి పరీక్షలలో ఆ ఫలితము నిలువలేదు. పెద్దలలో చాలమందికి వ్యాధి తనంతట తానే తగ్గును. ఆ ఘనత పసరుకు దక్కుచున్నది. పసరులతోను, వాతలతోను కాలము పోగొట్టుకొనవద్దు.

మరి ఏమి చేయవలెను?

1. హెచ్.బి.ఎస్.ఎ.జి. అను రక్తపరీక్ష చేయించుకొనుడు. గర్భిణులకు ఇది అత్యవసరము.

2. వ్యాధి ఉన్నదని తేలినచో నెల్లూరు ప్రభుత్వ పెద్దాసుపత్రికి వెళ్లి, కాలేయ నిపుణుడు ఎక్కడ దొరకునో అడుగుడు. తిరుపతి స్విమ్స్‌లో జీర్ణకోశ వ్యాధుల విభాగము కలదు. 2018 జులై 28న ఆరంభమైన జాతీయ కార్యక్రమము క్రింద పరీక్షలు, మందులు ఉచితము.

3. అందరికిని మందు అవసరముండదు. వైరస్ పరిమాణము, కాలేయ స్థితి చూచి నిపుణుడే నిర్ణయించును. టెనోఫోవిర్, ఎంటెకావిర్ మందులు వైరస్‌ను అణచియుంచును. బాగున్నదని మధ్యలో మానరాదు.

4. ఇంటిల్లిపాదికి పరీక్ష చేయించి, వ్యాధి లేనివారికి 3 టీకాలు వేయింపుడు. రోగి సారా, కల్లు మానవలెను.

తెల్లకంకి కనపడువరకు ఆగకుడు. ఈ వారమే పరీక్షకు వెళ్లుడు.