సైన్స్‌లో ఎదురుమాటకి చోటుందా?

సైన్స్ అంటే ప్రశ్నించడమే అని స్కూల్లో మనకి చెప్పారు. మరి సైన్స్‌నే ఉద్యోగంగా చేసుకున్నవాళ్ళకి నచ్చిన ప్రశ్న వేసే స్వేచ్ఛ ఉందా? ఈరోజు దీని గురించే మాట్లాడతాను.

కాటలిన్ కారికో పేరు వినే ఉంటారు. హంగేరీలో పుట్టిన బయోకెమిస్ట్. 1985లో భర్తతో, రెండేళ్ళ కూతురితో అమెరికా వెళ్ళారు. ఎంఆర్‌ఎన్‌ఏతో మందులు తయారుచేయొచ్చని ఆవిడ నమ్మకం. అది అయ్యే పని కాదని చాలామంది అనుకునేవారు. ఆ సందేహంలో అర్థం ఉంది. ఎంఆర్‌ఎన్‌ఏ తొందరగా పాడైపోతుంది, ఒంట్లోకి పంపితే వాపు లాంటి రియాక్షన్ వస్తుంది.

ఆవిడని ఆపడానికి నిషేధం ఏమీ అక్కర్లేకపోయింది. గ్రాంట్లకి అప్లై చేస్తే రాలేదు, అంతే. 1995లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ ఆవిడ హోదా తగ్గించింది. అయినా అక్కడే ఉండి అదే పని చేశారు. డ్రూ వైస్‌మన్‌తో కలిసి, ఎంఆర్‌ఎన్‌ఏలో ఒక చిన్న భాగాన్ని మారిస్తే ఆ రియాక్షన్ బాగా తగ్గుతుందని 2005లో చూపించారు. ఫైజర్, మోడెర్నా కోవిడ్ టీకాలు ఆ మార్పు మీదే నిలబడ్డాయి. 2023లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

ఇక్కడితో ఆపేస్తే ఇదొక మోటివేషన్ వీడియో అయిపోతుంది. నాకు గుర్తొచ్చేది ఆవిడలా నిలబడలేక టాపిక్ మార్చుకున్నవాళ్ళు. వాళ్ళ పేర్లు మనకి తెలీవు. వాళ్ళు వదిలేసిన ఐడియాలూ తెలీవు.

వాళ్ళని పిరికివాళ్ళు అనలేం. ఇంటి అద్దె కట్టాలి, కాంట్రాక్టు రెన్యువల్ కావాలి, ఏడాదికి ఎన్ని పేపర్లో లెక్క చెప్పాలి. పైగా గ్రాంట్ ఇవ్వాలా వద్దా అని చూసేది అదే ఫీల్డులోని సీనియర్లు. వాళ్ళకి నచ్చేట్టు రాయమని ఎవరూ చెప్పక్కర్లేదు. రెండో ప్రపోజల్ రాసేసరికి కుర్రాళ్ళు తమంతట తామే నేర్చుకుంటారు.

పీటర్ హిగ్స్ సంగతి చూడండి. 1964లో చేసిన పనికి 2013లో నోబెల్ వచ్చింది. ఈ కాలంలో అయితే పేపర్లు చాలవని తనకి యూనివర్సిటీ ఉద్యోగమే రాదని ఆయనే అన్నారు.

అందరూ కాదన్న ప్రతి ఐడియా గొప్పదని నేననను. చాలావరకు తప్పే అవుతాయి. కానీ అది తేల్చాల్సింది ప్రయోగం.

పీహెచ్‌డీ చేయాలనుకునేవాళ్ళకి ఒక్క మాట. ల్యాబ్‌లో చేరేముందు అక్కడి స్టూడెంట్స్‌ని పక్కకి పిలిచి, "ఇక్కడ సార్ మాట తప్పంటే ఏమవుతుంది?" అని అడగండి. జవాబు చెప్పేముందు వాళ్ళు అటూ ఇటూ చూశారంటే, ఇంకో ల్యాబ్ వెతుక్కోండి. ఉంటాను మరి.