వైఫైకి ప్రహరీ లేదు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంస్థల్లో వైఫై ఎంత భద్రంగా ఉందో ఎలా తెలుసుకోవాలో చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. మనలో బళ్లు, ఆస్పత్రులు, చిన్న పరిశ్రమలు నడుపుతున్నవారున్నారు. వారికి పనికొచ్చేంత వరకు చెబుతాను.

బడికి ప్రహరీ ఉంది, గేటుంది. వైఫైకి ఆ రెండూ లేవు. 2008 జూలైలో అహ్మదాబాద్ పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు టీవీ ఛానళ్లకు బెదిరింపు ఈమెయిల్ వెళ్లింది. ఆరా తీస్తే, నవీ ముంబైలో ఒక విదేశీయుడి ఇంటి వైఫై నుంచి వెళ్లినట్టు తేలింది. తాళం లేని ఆ వైఫైని ఎవరో వాడుకున్నారు. మరుసటి నెలలో మరో ఈమెయిల్ ముంబైలోని ఒక కళాశాల వైఫై నుంచి వెళ్లింది. పోలీసులు ముందు వచ్చేది వైఫై ఎవరిదో వారి దగ్గరికే.

పరీక్షలో మొదటిది కాగితం. యాజమాన్యం రాతపూర్వకంగా అనుమతించాకే మొదలుపెట్టాలి. అనుమతి లేకుండా ఒకరి నెట్‌వర్క్‌లో దూరితే, 2000 నాటి ఐటీ చట్టం కింద చిక్కుల్లో పడతాం.

రెండోది నడక. ల్యాప్‌టాప్ పట్టుకుని గదిగదికీ తిరగండి. గేటు దాటి టీకొట్టు దాకా వెళ్లండి. ఎక్కడ ఏ పేరుతో సిగ్నల్ వస్తోందో రాసుకుని, సంస్థ కొన్న పరికరాల జాబితాతో సరిచూడండి. లెక్కలో లేని రూటర్ బయటపడవచ్చు. తన గదిలో సిగ్నల్ అందడం లేదని ఎవరో సొంతంగా తెచ్చి తగిలించి ఉంటారు. వీధి తలుపుకు ఎన్ని తాళాలేసినా, అది తెరిచి ఉన్న దొడ్డిదారి.

మూడోది తాళం. డబ్ల్యూఈపీ అనే పాత పద్ధతి బలహీనత 2001లోనే బయటపడింది. కనిపిస్తే ఆ రోజే తీసేయండి. డబ్ల్యూపీఏ2 ఉంటే పాస్‌వర్డ్ పొడవు చూడండి. ఫోన్ రూటర్‌తో కలిసే క్షణంలో నడిచే సంకేతాలను బయటివాడు పట్టుకుని, ఇంటికెళ్లి తీరిగ్గా లక్షల మాటలు వేసి చూడగలడు. బడి పేరు పక్కన సంవత్సరం చేర్చిన పాస్‌వర్డ్ దానికి ఆగదు. డబ్ల్యూపీఏ3 అతనికి ఆ అవకాశం ఇవ్వదు. రూటర్‌లో డబ్ల్యూపీఎస్ పిన్ ఉంటే ఆపేయండి. 8 అంకెలున్నా రెండు ముక్కలుగా సరిచూస్తుంది కనుక 11,000 ప్రయత్నాల్లో దొరికిపోతుంది.

నాలుగోది అతిథుల వైఫై. అతిథిగా కలిసి, ఆఫీసు ప్రింటరు, మార్కుల కంప్యూటరు అందుతున్నాయేమో చూడండి. అందితే పేర్లు రెండైనా ఇల్లొకటే.

అయిదోది మనుషులు. అందరికీ ఒకే పాస్‌వర్డ్ ఉంటే, ఒకరు ఉద్యోగం మానిన రోజే దాన్ని మార్చాలి. అది కుదరదనే పెద్ద సంస్థల్లో మనిషికో లాగిన్ ఇస్తారు.

నివేదిక ఒక పేజీ చాలు: ఏ లోపం, ఎవరు సరిదిద్దాలి, ఏ తేదీలోగా. నెల తర్వాత మళ్లీ నడిచి చూస్తేనే పరీక్ష పూర్తయినట్టు.

మన బడి ఆఫీసులోనూ పిల్లల చిరునామాలు, పుట్టిన తేదీలు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు ఉన్నాయి. మనల్ని నమ్మి ఇచ్చినవవి. ప్రధానోపాధ్యాయులు అనుమతి పత్రం ఇస్తే ఈ పరీక్ష ఇక్కడ నేను చేస్తాను. సెలవుల్లో కాదు, పరికరాలన్నీ పనిచేసే రోజునే చేయాలి. ఈ రంగంలో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇద్దరు ముగ్గురు తోడు రావాలి. సభ ముగిశాక పేర్లిచ్చి వెళ్లండి.